పాత స్కానర్‌కు ఒక్క డ్రైవరే ఉండాలి

ఒంగోలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కావలిలో నీ డీటీపీ షాపుకు తెచ్చుకున్న పాత స్కానర్ కొత్త కంప్యూటర్‌లో పనిచేయడం లేదని, ఇంటర్నెట్‌లో దొరికిన డ్రైవర్లన్నీ (స్కానర్‌తో కంప్యూటర్‌ను మాట్లాడించే ప్రోగ్రాములు) వరుసగా వేసి చూసినా "డివైస్ బిజీ" అనే మాట తప్ప మరేమీ రావడం లేదని రాశావు. ఒకే పొలాన్ని ఇద్దరికి కౌలుకిస్తే ఏమవుతుందో నీ కంప్యూటర్‌లో అదే జరుగుతున్నట్టుంది. కాబట్టి ఇంకో డ్రైవర్ కోసం వెతకడం ఆపి, ముందు వేసినవన్నీ తీసివేసే పని పెట్టుకో.

అంతకంటే ముందు స్కానర్ బాగుందో లేదో తేల్చుకోవాలి. కానన్ లైడ్ వంటి కొన్ని స్కానర్లకు అడుగున చిన్న తాళం మీట ఉంటుంది. రవాణాలో లోపలి భాగం కదలకుండా వేసే ఆ తాళం తియ్యకపోతే ఎంత సరైన డ్రైవర్ వేసినా స్కాన్ జరగదు. కేబుల్ చతురస్రపు కొనను, అది దూరే రంధ్రాన్ని టార్చి వేసి చూడు. మన తీరం ఊళ్ల ఉప్పుగాలికి ఆ పిన్నులు పచ్చబడితే స్కానర్ ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు. విడిగా అడాప్టర్ లేని స్కానర్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది, 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే గనుక, పెన్‌డ్రైవ్‌లూ ఫోన్లూ వేలాడే హబ్బుకు కాక, సీపీయూ వెనుక ఉన్న పోర్టుకే నేరుగా పెట్టు. నీలం రంగు 3.0 పోర్టు కొన్ని పాత పరికరాలకు పడదు, నల్లదానిలో పెట్టి చూడు.

ఇక తీసివేత. ఏదైనా చెడితే ఇప్పటి స్థితికి వెనక్కి రావడానికి విండోస్‌లో రీస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకుని, స్కానర్ కేబుల్ పీకి, దానికి సంబంధించిన ప్రోగ్రాములన్నీ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి. ఇదివరకు వాడి వదిలేసిన ఆల్ ఇన్ వన్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే అదీ తీసెయ్యి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు, కాని అసలు చెత్త ఇంకా లోపలే ఉంటుంది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో "షో హిడెన్ డివైసెస్" నొక్కు. ఇమేజింగ్ డివైసెస్ కింద నీ స్కానర్ పేరే రెండు మూడు చోట్ల మసకగా కనిపించవచ్చు. సీరియల్ నంబరు లేని పరికరాన్ని పోర్టు మార్చి పెట్టిన ప్రతిసారీ విండోస్ దాన్ని కొత్తదిగానే ఎంచి మరో పద్దు రాసుకుంటుంది గనుక అలా పేరుకుపోతాయి. ఒక్కొక్కదానిపై కుడి క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, డ్రైవర్‌ను కూడా తొలగించమనే గడిలో తప్పకుండా టిక్ పెట్టు. ఆ టిక్ పెట్టకపోతే ఫైళ్లు విండోస్ నిల్వలోనే ఉండిపోయి, కేబుల్ తగిలించగానే ఆ పాత డ్రైవరే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అన్నీ అయ్యాక రీస్టార్ట్ చెయ్యి.

నీకు కావలసిన డ్రైవర్ ఏదో పెట్టె మీది బొమ్మను బట్టి ఊహించవద్దు. కేబుల్ పెట్టినప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కనిపించే పేరు మీద ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ అని వెళితే, వీఐడీ తరువాతి నాలుగు అక్షరాలు తయారీదారునీ, పీఐడీ తరువాతివి మోడల్‌నూ చెబుతాయి. 04ఏ9 అంటే కానన్, 04బీ8 అంటే ఎప్సన్, 03ఎఫ్0 అంటే హెచ్‌పీ. ఆ మోడల్ డ్రైవర్‌ను కంపెనీ సైటు నుంచే దించుకో. "డ్రైవర్ అప్‌డేటర్" అంటూ ఉచితంగా వచ్చేవాటిని షాపు కంప్యూటర్ దరిదాపులకు రానివ్వకు.

వేసేటప్పుడు వరుస ముఖ్యం. నెట్ ఆపి, కేబుల్ పీకి ఉంచి, ముందు సాఫ్ట్‌వేర్ వేసి, అది అడిగినప్పుడే కేబుల్ తగిలించు. ఆ తరువాత కూడా "బిజీ" అంటే, స్కానర్ బటన్ల కోసం స్టార్టప్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని ఉందేమో టాస్క్ మేనేజర్‌లో చూసి ఆపు. సర్వీసెస్‌లో, స్కానర్ నుంచి బొమ్మలు తెచ్చే విండోస్ ఇమేజ్ అక్విజిషన్ నడుస్తున్నదో లేదో కూడా చూడు. డివైస్ మేనేజర్‌లో కోడ్ 28 వస్తే డ్రైవర్ లేదని, కోడ్ 10 వస్తే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలు కాలేదని అర్థం.

ఇంత చేసినా దాటలేని గోడ ఒకటి ఉంది. పాత విండోస్ ఎక్స్‌పీ నాటి సీడీలో ఉన్నవి మామూలుగా 32 బిట్ డ్రైవర్లు. 64 బిట్ విండోస్ వాటిని లోపలికి రానివ్వదు, విండోస్ 11 అయితే 64 బిట్‌లోనే వస్తుంది. డ్రైవర్ నమ్మదగినదో కాదో విండోస్ చూసే సంతకం తనిఖీని ఆపేసి, మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణను కూడా ఆపేసి, ఎలాగో ఒకలా ఎక్కించమని చెప్పేవాళ్లు ఉంటారు. జనం ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు తెచ్చి ఇచ్చే కంప్యూటర్‌లో ఆ పని చేయడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. దానికి బదులు విండోస్ స్థానంలో నడిచే ఉబుంటు అనే లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడు: లినక్స్‌లోని సేన్ అనే స్కానర్ సాఫ్ట్‌వేర్ చాలా పాత స్కానర్లను గుర్తుపడుతుంది, అక్కడ స్కాన్ అయితే యంత్రానికి ఢోకా లేదని తేలిపోతుంది. విండోస్‌లోనే కావాలంటే వ్యూస్కాన్ అనే స్కానింగ్ ప్రోగ్రామ్ తన సొంత డ్రైవర్లతో అనేక పాత మోడళ్లను నడుపుతుంది. అది డబ్బు పెట్టి కొనవలసినదే, కాని ట్రయల్‌లో వాటర్‌మార్క్ ముద్ర పడిన స్కాన్ ఒకటి వచ్చేదాకా కొనవద్దు. రెండూ కుదరకపోతే పాత విండోస్ 7 కంప్యూటర్ ఒకటి నెట్ లేకుండా స్కానింగ్‌కే పెట్టుకుని, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో. దస్తావేజులకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు, ఆ పనికి పాత యంత్రం సరిపోతుంది.

తీసివేత పూర్తయ్యాక హార్డ్‌వేర్ ఐడీని, విండోస్ ఎన్ని బిట్లదో రాసి పంపు. ఏ డ్రైవర్ వెయ్యాలో చూసి చెబుతాను. అప్పటిదాకా కొత్తగా ఏదీ ఎక్కించకు.

ఇట్లు,
మామయ్య