లారీ లైన్లో నీతిగా ఉంటే పూట గడవదా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: కొత్తగా హెవీ లైసెన్సు వచ్చింది, భీమవరం దగ్గర ఒక ఓనర్ చేపల లారీ ఇస్తానంటున్నాడు, కానీ ఊళ్లో వాళ్లంతా "ఈ లైన్లో నీతి నిజాయితీ అంటూ కూర్చుంటే పూట గడవదు" అని భయపెడుతున్నారు, నిజమేనా అని. నేను నాలుగేళ్లు క్లీనర్‌గా, తర్వాత పదకొండేళ్లు డ్రైవర్‌గా ఆకివీడు నుంచి హౌరా మార్కెట్‌కి చేపల లోడు తోలాను. పూట గడుస్తుంది. ఇద్దరు పిల్లల్ని చదివించాను.

క్లీనర్‌గా ఎక్కిన కొత్తలో జరిగింది ఒకటి చెబుతాను. వానాకాలం, తుని దాటాక రాత్రిపూట వెనక టైరు పేలింది. బండి పక్కకు తీసి, అందరూ చేసినట్టే వెనకాల కొంత దూరంలో నాలుగు పెద్ద రాళ్లు, ఒక తుమ్మకొమ్మ పెట్టాం. జాకీ ఎత్తి స్టెప్నీ మార్చేసరికి గంటన్నర పట్టింది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. నేను తల తుడుచుకుంటూ క్యాబిన్ ఎక్కేశాను. మా డ్రైవర్ గురువుగారు బండి స్టార్ట్ చేయలేదు. "రాళ్లు తీశావా?" అన్నారు. "వానగా ఉందండీ, ఎవరో ఒకరు తీస్తారులెండి" అన్నాను. ఆయన తిట్టలేదు. టార్చి తీసుకుని తనే దిగి వెనక్కి నడిచారు. సిగ్గేసి నేనూ దిగి పరుగెత్తాను. ఒక్కో రాయినీ దొర్లించి రోడ్డు దిగువకు తోశాం. ఆఖరి రాయి తీస్తుండగానే మోటార్ సైకిల్ మీద ఒక మొగుడూ పెళ్లాం, మధ్యలో పాలిథిన్ కవరు కప్పుకుని ఒక పిల్లాడు, మా పక్కనుంచే వెళ్లారు. వాళ్ల వెనక లైటు కనపడకుండా పోయేదాకా ఆయన అక్కడే నిలబడి, "పదరా" అన్నారు.

ఆ తర్వాత నేనెప్పుడూ రోడ్డు మీద రాయి వదిలి రాలేదు. టైరు మార్చి రాళ్లు అలాగే వదిలేసిన బండ్లు ఎన్ని చూశానో లెక్కే లేదు, చూసిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

డీజిల్ గురించి కూడా అందరూ అంటారు. లోడుతో పది చక్రాల బండి లీటరుకు మూడున్నర, నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది. హౌరా దాదాపు 1,200 కిలోమీటర్లు, అంటే 300 లీటర్ల పైమాటే. అందులో ఇరవై లీటర్లు దారిలో అమ్ముకుంటే మా రోజుల్లో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు జీపీఎస్‌లు, ట్యాంకు సెన్సార్లు వచ్చాయి. అవి ఉన్నాయని మానేయడం వేరు, మన చెయ్యి అటు పోకపోవడం వేరు. డీజిల్ మిగల్చడానికి దిగుడులో న్యూట్రల్ కొట్టే అలవాటు మాత్రం అస్సలు చేసుకోకు. ఇంజిన్ పట్టు వదిలేస్తే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి వేడెక్కాక తొక్కినా బండి ఆగదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నిద్ర ఒక ఎత్తు. చేప ఐసు మీద ఉంటుంది. ఐసు కరిగేకొద్దీ సరుకు మెత్తబడుతుంది, రేటు పడిపోతుంది. అందుకే దారి పొడవునా ఫోన్లే: "ఎక్కడున్నావ్, ఎప్పుడొస్తావ్?" ఒకసారి తెల్లవారుజామున మూడున్నరకి అలాంటి ఫోన్ వచ్చాక ఆ టెన్షన్లో ఆపకుండా లాగాను. పలాస దాటింది తెలుసు. కంచిలి బోర్డు చూసింది తెలుసు. ఆ మధ్య దారంతా ఎలా నడిపానో ఈ రోజుకీ గుర్తు రాదు. కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. అది అర్థమయ్యాక కాళ్లు వణికాయి. దాబా ముందు ఆపి ఓనర్‌కి ఫోన్ చేసి, "అయ్యా, నిద్ర ఆగట్లేదు, రెండు గంటలు పడుకుని బయల్దేరతాను" అన్నాను. "టైరు పంచరైంది" అని చెప్పమని క్లీనర్ సలహా ఇచ్చాడు. అలా అబద్ధం చెప్పుకుంటూ పోతే డ్రైవర్‌కి నిద్ర కావాలన్న మాట ఓనర్ చెవిన ఎప్పటికీ పడదు. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు, ట్రిప్పు డబ్బుల్లో కోత పెట్టాడు. ఆ నెలాఖరుకి బండి దిగి, ఇద్దరు డ్రైవర్లను పెట్టే ఓనర్ దగ్గర చేరాను.

2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం మామూలుగా రోజుకు 8 గంటల పని అనేది, ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. హౌరాకి ఆగకుండా పోయినా ముప్పై గంటలకు దగ్గర పడుతుంది. అంటే ఒక్కడికి మూడు రోజుల పైన పని. డ్రైవర్ బాధ్యత గురించి మాట్లాడే పెద్దలు ఈ లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. పాపమంతా స్టీరింగ్ పట్టినవాడి నెత్తిన రుద్దడం నేను ఒప్పుకోను.

యాక్సిడెంట్ అయితే పారిపోవాలా అని కూడా అడిగావు. జనం కొడతారన్న భయం నిజమే, నాకూ ఉండేది. మోటార్ వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా ఆ భయాన్ని గుర్తించింది: దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, జనం ఆగ్రహం వల్ల అది కుదరకపోతే తప్ప. ఉండలేని పరిస్థితి వస్తే 108కి, 112కి ఫోన్ చేసి, నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి నువ్వే చెప్పు. రోడ్డు మీద పడ్డ మనిషికి ఆ ఫోన్ కాల్ ప్రాణం.

ఇక ఆ ఓనర్ సంగతి. తాళం తీసుకునే ముందు రెండో డ్రైవర్ ఉన్నాడా అని అడుగు. వెనక టైర్లు నువ్వే స్వయంగా చూసుకో, జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చెయ్యి పెట్టి చూడు. ఒక్కడివే హౌరా వెళ్లాలంటే మాత్రం ఎంత బత్తా ఇస్తానన్నా ఒప్పుకోకు. విశాఖ దాకా, హైదరాబాద్ దాకా ఒక్క డ్రైవర్‌తో నడిచే లోడ్లు బోలెడు దొరుకుతాయి. మొదటి ఏడాది వాటి మీద చెయ్యి తిరగనీ.