‘వానే లేని చోట అగ్రికల్చర్ చదువెందుకు?’

ప్రశ్న: మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరెకరాల ఎర్రనేల. బుడ్డలు (వేరుశనగ) వేసి వరుసగా నష్టపోయాం. మావాడు ఇంటర్ బైపీసీ. అగ్రికల్చర్ బీఎస్సీ అంటున్నాడు, నేను వద్దంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ కోపం నేల మీద. తిట్లు మాత్రం పిల్లాడికి పడుతున్నాయి.

నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి మీ దాకా వచ్చేసరికి నీరసించిపోతాయి. మీకు దక్కేది ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. ఆ వానకు వరి కుదరదు, బుడ్డలు కుదిరాయి. గుల్ల ఎర్రనేలలో ఊడ (పువ్వు నుంచి మట్టిలోకి దిగి కాయయ్యే కాడ) సులువుగా దిగుతుంది, చెట్టు పీకితే కాయ తెగకుండా వస్తుంది. కానీ సరిగ్గా ఊడలు దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే పైపొర గట్టిపడిపోతుంది. పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. ఇది మీకు నేను చెప్పాలా! ఊరంతా అదే పంట వేస్తే విత్తనాల అప్పు నుంచి నూనె మిల్లు దాకా అన్నీ ఆ కొద్ది రోజుల మీదే నడుస్తాయి.

మీవాడు చదువుతానంటున్నది ఈ చిక్కు గురించే. కదిరి-6, కదిరి లేపాక్షి బుడ్డల రకాలు కదిరి పరిశోధన కేంద్రం నుంచే వచ్చాయి. బోరును నమ్మి చీనీ (బత్తాయి) తోట పెట్టి, అది ఎండాక చెట్లు నరికేసినవాళ్లూ మీ చుట్టుపక్కల ఉండే ఉంటారు. ఉన్న నీళ్లకు డ్రిప్ మీద ఎన్ని మొక్కలు బతుకుతాయో ముందే లెక్కేసి చెప్పే మనిషి అక్కడ కావాలి.

దారి ఏపీ ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష. నాలుగేళ్ల కోర్సు. ఆచార్య ఎన్జీ రంగా వర్సిటీలో రైతు కోటా ఉంది, భూమి కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ర్యాంకు తగ్గితే హార్టికల్చర్‌ను (ఉద్యాన కోర్సు) రెండో రకంగా చూడకండి. మీ ప్రాంతానికి నా ఓటు దానికే. రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఆ కాలేజీ ఉంది. ప్రైవేటు కాలేజీ అయితే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు చూశాకే ఫీజు కట్టండి. చదువయ్యాక వ్యవసాయ అధికారి, బ్యాంకుల్లో అగ్రి ఫీల్డ్ ఆఫీసర్, విత్తన, డ్రిప్ కంపెనీలు ఉన్నాయి. సర్కారు నోటిఫికేషన్లు ఏటా రావు, ఆ టెన్షన్ మాత్రం ఉంటుంది.

ఒకరోజు వాణ్ణి తీసుకుని అనంతపురం దగ్గరి రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లండి. పొలంలో వాడేం అడుగుతున్నాడో పక్కన నిలబడి వినండి.