మైకు మాటలు: షాపు మెట్ల దగ్గర బాక్సు పెట్టమంటారా?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. గుణుపూర్‌లో బస్టాండు దగ్గర నాకు బట్టల షాపు ఉంది. సాయంత్రమైతే చాలు, కుర్రాళ్లు బళ్లు అడ్డంగా పెట్టి మెట్ల మీద కూర్చుంటున్నారు. ఆడవాళ్లు లోపలికి రావడానికి మొహమాటపడుతున్నారు. షట్టర్ దించాక ఇంకో జట్టు వచ్చి తాగుతుంది. పొద్దున్నే గాజు పెంకులు ఏరుకోవడం నా పని. ఫారిన్‌లో ఇలాంటి చోట పెద్దగా పాటలు వేసి జనాన్ని పంపించేస్తారట. చావింట్లో వేసే గీత శ్లోకాలు రాత్రంతా తిప్పితే ఒక్కడూ నిలబడడని మా బావమరిది అంటున్నాడు. మీరు మైకుసెట్టు నడిపిన మనిషి. ఎన్ని వాట్ల బాక్సు కొనాలి, ఎంత ఎత్తులో కట్టాలి, చెప్పండి.
– ఒక బట్టల షాపు యజమాని, గుణుపూర్

జవాబు: తమ్ముడూ, కడిగి ముగ్గు పెట్టుకునే గుమ్మంలో సీసా పెంకులు ఏరుకోవడం ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. మీ కోపంలో తప్పు లేదు. కానీ బాక్సు మాత్రం పెట్టకండి. ఈ పని నేను ఒకసారి చేశాను.

1996 వేసవిలో పర్లాకిమిడి బజారు వర్తకులు కొందరు నా దగ్గరికి వచ్చారు. వాళ్ల షాపుల వరండాలో రాత్రిళ్లు పేకాట, గొడవలు. రెండు గొట్టాలు కట్టి, రాత్రి తొమ్మిది నుంచి తెల్లారేదాకా మైకు వేయమన్నారు. పెళ్లిళ్లు లేని రోజులు, కిరాయి మంచిది. ఒప్పుకున్నాను. అహూజా యాంప్లిఫయరు, ఆటో రివర్స్ డెక్కు పెట్టి, ఒకే క్యాసెట్టు అటూ ఇటూ తిరిగేలా వదిలేసి ఇంటికి వెళ్లి పడుకున్నాను. మూడు రోజులకు పేకాట జట్టు వెళ్లిపోయింది. ఎక్కడికో కాదు, వెనక సందులోకి. అక్కడ వాళ్లను చూసే వర్తకుడూ లేడు, వీధి దీపమూ లేదు.

నాలుగో రాత్రి సంత ముందు రాత్రి. కొండల మీది సవర ఆడవాళ్లు పసుపు, చింతపండు, కొండచీపుళ్లు మోసుకుని సాయంత్రానికే ఊళ్లోకి దిగేవారు. అంత పొద్దున బస్సులుండవు కదా. ఆ వరండాలోనే నడుం వాల్చి, తెల్లారి సంతకు వెళ్లేవారు. ఎన్నేళ్ల నుంచో అదే అలవాటు. ఆ సంగతి వర్తకులకు తెలుసు, నాకూ తెలుసు. మాట్లాడుకున్నప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఐదు గంటలకు గొట్టాలు విప్పడానికి వెళితే, కాలువ గట్టున పసుపు మూటలు తలకింద పెట్టుకుని ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఒక్కరూ నిద్రపోలేదు. అందులో ఒక పెద్దామె నన్ను చూసి లేచి, "ఏం పండగ బాబూ?" అని అడిగింది.

గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చిన ఊరు మాది. ఆమె నా భాషలోనే అడిగినా, పండగ కాదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజే సామాను విప్పేసి, మిగిలిన రోజుల అడ్వాన్సు తిరిగిచ్చేశాను.

ఇక మీరడిగిన లెక్క. మోతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇప్పుడొచ్చే మామూలు పార్టీ బాక్సు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ తేలిగ్గా ఇస్తుంది. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర 94, 4 దగ్గర 88, 8 దగ్గర 82, 16 దగ్గర 76, 32 దగ్గర 70. మీ మెట్ల మీది కుర్రాళ్లకు చిరాకు పుట్టించే మోత, నాలుగిళ్ల అవతల మంచం మీదున్న ముసలాయనకు 70గా చేరుతుంది. రెండు వైపులా గోడలున్న బజారులో ఇంత కూడా తగ్గదు. తలుపులు వేసుకుంటే పాట మాటలు వినపడవేమో గానీ, బాసు మాత్రం గోడల్లోంచి వెళ్లిపోతుంది. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం షాపుల ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 దాటకూడదు. ఇళ్ల మధ్యనైతే 55, 45. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా ఇంకా తక్కువ. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరు వేయనే కూడదు. మీ తాగుబోతు జట్టు వచ్చేదే ఆ వేళ. పగలు వేయాలన్నా ముందు రాతపూర్వకంగా అనుమతి కావాలి.

మీ సంగతి కూడా ఆలోచించండి. బాక్సుకు రెండు మీటర్ల దూరంలో గల్లా పెట్టె దగ్గర కూర్చునేది మీరు. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని, ప్రతి 3 పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుందని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ లెక్క కట్టింది. అంటే 94 దగ్గర ఒక్క గంట. చెవి లోపల వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి. చచ్చిపోతే అవి మళ్లీ మొలవవు. ముప్పై రెండేళ్లు గొట్టాల పక్కన నిలబడ్డ నాకు ఎడమ చెవిలో ఇప్పుడు రాత్రీ పగలూ కీచుమని ఒకటే మోత. మనవరాలు ఆ వైపు నుంచి పిలిస్తే వినిపించదు.

ఫారిన్ సంగతి మీరు విన్నది నిజమే. 1980ల మధ్యలో కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని సెవెన్ ఎలెవెన్ షాపులు కుర్రాళ్లు గుమిగూడకుండా బయట సంగీతం వేశాయి. 2003లో లండన్ మెట్రోవాళ్లు ఎల్మ్ పార్క్ స్టేషన్‌లో శాస్త్రీయ సంగీతం పెట్టారు. 2019లో ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్‌లో, ఇల్లు లేక ఒక హాలు వరండాలో పడుకునేవాళ్లను లేపేయడానికి బేబీ షార్క్ అనే పసిపిల్లల పాటను రాత్రంతా తిప్పారు. 2023లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక మెట్రో స్టేషన్‌లో శాస్త్రీయ సంగీతం ఎంత మోతగా వేశారంటే, అక్కడి టైమ్స్ పత్రికవాళ్లు కొలిస్తే సగటున 83 డెసిబెల్స్ తేలింది. ఆ స్టేషన్‌లో రోజూ రైలెక్కే కూలివాడు, నర్సు ఏం తప్పు చేశారు? పసిపిల్లలు చప్పట్లు కొట్టే పాటను నిద్ర లేనివాడి మీదికి వదలడానికి మనసెలా ఒప్పుతుంది?

మీ బావమరిది చెప్పిన శ్లోకాల మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన కష్టపెట్టాలని అని ఉండరు. కానీ ఆ శ్లోకాలు నేను ఎన్ని ఇళ్ల ముందు వేశానో లెక్క లేదు. మొదటి శ్లోకం మొదలవగానే లోపల ఏడుపు పెరిగేది. ఆ గొంతుతో పాటు ఆ రోజంతా వాళ్లకు గుర్తుండిపోతుంది. మీ వీధిలో ఈ ఏడాది ఎంతమంది పోయారో ఒకసారి లెక్కపెట్టండి. భర్త పోయి రెండు నెలలు కాని మనిషి ఆ బజారులో ఉంటే, ప్రతి రాత్రీ ఆమె గుమ్మంలోకి శవాన్ని తెచ్చిపెట్టినట్టే.

మరి ఏం చేయాలి? మీ ఉత్తరంలో రెండు జట్లున్నాయి. విడదీసి చూడండి.

సాయంత్రం వచ్చేది కాలేజీ కుర్రాళ్లు. మీది చదువుల ఊరు. చుట్టుపక్కల పల్లెల పిల్లలు అద్దె గదుల్లో నలుగురేసి ఉంటారు. గదిలో ఉక్క, కూర్చోవడానికి కుర్చీ ఉండదు. మీ మెట్ల మీద వెలుతురుంది, గాలుంది, ఎదురుగా టీ బండి ఉంది. వాళ్లను తరమాలంటే చాలా కష్టం, పక్కకు జరపడం తేలిక. మా ఊళ్లో ఒక మందుల షాపాయన ఇదే బాధతో ఉండేవాడు. షాపు పక్క గోడ వెంట పొడవాటి బల్ల ఒకటి వేయించి, దాని పైన ఒక బల్బు, పక్కన చెత్త డబ్బా పెట్టాడు. మెట్లు ఖాళీ అయ్యాయి. ముందు మీరు వెళ్లి వాళ్ల పేర్లు అడగండి. "బాబూ, ఆడవాళ్లు రాలేకపోతున్నారు, బళ్లు అటు పెట్టుకోండి" అని పేరు పెట్టి చెబితే ఎక్కువమంది వింటారు. పేరు తెలిసినవాడు గొడవ చేయడానికి వెనకాడతాడు. మెట్ల మీద మేకులు, ముళ్ల కమ్మీలు మాత్రం వద్దు. మోకాళ్ల నొప్పుల అమ్మ చీర కొనడానికి వచ్చి కాసేపు కూర్చునేది అక్కడే.

రాత్రి జట్టు వేరు. అది తాగుడు, దానికి సంగీతంతో పనేముంది? మనిషి కదిలితే వెలిగే ఎల్ఈడీ లైటు ఒకటి పైన బిగించండి. చీకటి ఉన్నంతసేపే ఆ మెట్లు వాళ్లకు సుఖం. ఇరుగుపొరుగు షాపులవాళ్లు కలిసి, ఏ వేళ వస్తున్నారో వారం రోజులు రాసుకుని, ఆ కాగితంతో పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. ఆ వేళకు గస్తీ అడగండి. వీధి దీపం వెలగకపోతే మున్సిపాలిటీకి స్తంభం నంబరు రాసివ్వండి. ఒక్కరు వెళితే గొడవంటారు, పదిమంది వెళితే వింటారు.

ప్రశ్న: అంకుల్, నేను బరంపురంలో డిగ్రీ చదువుతున్నాను. పక్కింటి గేటు దగ్గర నిలబడితే సన్నగా కీచుమని వినిపిస్తుంది, తలనొప్పి వస్తుంది. మా నాన్నమ్మకూ నాన్నకూ ఏమీ వినపడదు. నేను కల్పించుకుంటున్నానని అంటున్నారు.
– ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: కల్పన కాదమ్మా. వయసు పెరిగేకొద్దీ అందరికీ ముందు సన్నటి శబ్దాలే పోతాయి. పక్కింటివాళ్లు ఎలుకల్నో కుక్కల్నో తరిమే యంత్రం పెట్టి ఉంటారు. కుర్రాళ్లను తరమడానికే ఇలాంటిది ఒకటి ఉంది. వేల్స్ దేశంలో హోవర్డ్ స్టేపుల్టన్ అనే ఆయన 2005లో తెచ్చాడు, పేరు మస్కిటో. సుమారు 17.4 కిలోహెర్ట్జ్, అంటే చాలా సన్నటి శబ్దం, పాతికేళ్లు దాటినవాళ్లకు చాలావరకు వినపడదు. 2010లో యూరప్ మండలి పార్లమెంటరీ సభ దాన్ని బహిరంగ ప్రదేశాల్లో నిషేధించాలని కోరింది. చంకలో పిల్ల అక్కడ ఎందుకు ఏడుస్తోందో తల్లికి తెలియదు, ఆమెకు ఆ శబ్దం వినపడదు కనుక. ఒక్క రాత్రి ప్లగ్గు తీసి ఉంచమని పక్కింటివాళ్లను అడగమని మీ అమ్మతో చెప్పు. కీచు ఆగిపోతే నాన్నను గేటు దగ్గరికి పిలిచి అప్పుడు చెప్పు.

ప్రశ్న: మా వీధిలో ఒక షాపువాళ్లు గుమ్మం ముందు ఎవరూ నిలబడకూడదని రాత్రి పదకొండు దాకా బాక్సు మోగిస్తున్నారు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంది. ఎవరికి చెప్పాలి?
– ఒక గృహిణి, రాయగడ

జవాబు: అమ్మా, ముందు పగటి పూట, బాక్సు ఆపి ఉన్నప్పుడు వెళ్లి మాట్లాడండి. వినకపోతే, మోగుతున్న వేళలోనే 112కు ఫోన్ చేయండి. పది దాటింది కాబట్టి ఎంత మోత అని కొలిచి చూపించాల్సిన అవసరం కూడా లేదు. తర్వాత పోలీసు స్టేషన్‌కూ కలెక్టర్ ఆఫీసుకూ దరఖాస్తు ఇవ్వండి. తేదీలు, వేళలు రాయండి. ఫోన్లో వీడియో తీస్తే గడియారం కనపడేలా తీయండి. మనం తెలుగులో మాట్లాడుకున్నా దరఖాస్తు ఒడియాలో రాయించండి, పని తొందరగా అవుతుంది. మీ పిల్ల బడిలో ఒడియా చదువుకుని ఉంటే, తనే రాసేస్తుంది. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని ఇంట్లో దాచుకోండి.