కనపడకపోతే కనపడలేదనే చెప్పించు

రాజమండ్రి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

చూపు లేనివాళ్ల కోసం మీ కంపెనీ ఏఐ యాప్ తయారుచేస్తోందనీ, ఆ టీమ్‌లోకి నిన్ను తీసుకున్నారనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. "నీకేం కావాలో చెప్పు మావయ్యా, చేసిపెడతాం" అన్నావు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నీకు మీటింగ్ వచ్చిపడుతుంది. అందుకే కూర్చుని టైప్ చేస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మీరు ఇంతకుముందు చేసిన యాప్‌లలో తప్పు జరిగితే వాడేవాళ్ల కంటపడేది. బిల్లులో తేడా వస్తే చూసి గొడవపెట్టుకునేవాళ్లు. చూపు లేని మాకు అలా కుదరదు. యాప్ చెప్పింది నిజమో కాదో సరిచూసుకునే వీలే ఉంటే అసలు నాకు ఆ యాప్‌తో పనేముంది? కాబట్టి ఇక్కడ నిజాయితీ భారమంతా తయారుచేసేవాళ్ల మీదే పడుతుంది. ఈ ఉత్తరంలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుపెట్టుకో.

ఈమధ్య ఒక యాప్‌కి నా బీపీ మాత్రల షీటు చూపించాను. మందుల షాపులో సగం కత్తిరించి ఇచ్చిన షీటు అది. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. యాప్ మాత్రం ఏ తడబాటూ లేకుండా నెల, సంవత్సరం చెప్పేసింది. మీ అత్తయ్య పక్కనే ఉండబట్టి, అక్కడ తేదీయే లేదని తెలిసింది. ఈ మోడళ్లు ఎలా పనిచేస్తాయో నాకన్నా నీకే బాగా తెలుసు. ఇలాంటి చోట మామూలుగా ఏ మాట వస్తుందో అంచనా వేసుకుంటూ పోతాయి. మందుల షీటు మీద తేదీ ఉండటం మామూలే కాబట్టి లేని తేదీని పుట్టించాయి. గొంతు కూడా ఎంత ధీమాగా ఉంటుందంటే అనుమానపడాలనే అనిపించదు.

మీ యాప్ దేన్ని చదివినా మూడు రకాలుగా విడదీసి చెప్పాలి. స్పష్టంగా ఉంది, మసకగా ఉంది, ఫొటోలో లేనే లేదు. మసకగా ఉంటే ఏం చేయాలో కూడా చెప్పాలి. "ఫోన్ కాస్త వెనక్కి జరుపు, కుడివైపు అంచు తెగిపోయింది, లైటు వెయ్యి." గదిలో లైటు వెలుగుతోందో లేదో నాకు తెలియదు కదా, ఆ మాట చెప్పే యాప్‌లు తక్కువ. మీ ఆఫీసులో "చదవలేకపోయాను" అన్న జవాబును ఫెయిల్యూర్ కింద లెక్కేస్తారేమో, అలా వద్దని చెప్పు. తప్పుగా చదివినదాన్ని పది రెట్లు ఫెయిల్యూర్‌గా లెక్కేయమను. ఆ ఒక్క లెక్క మార్చితే మీ ఇంజినీర్లు పనిచేసే తీరే మారుతుంది.

నాకు నచ్చిన యాప్ ఒకటి చెబుతాను. ఇప్పటి వంద, రెండు వందలు, ఐదు వందల నోట్లు మూడింటికీ వెడల్పు ఒక్కటే, 66 మిల్లీమీటర్లు. పొడవు 142, 146, 150. అంటే నోటుకీ నోటుకీ తేడా 4 మిల్లీమీటర్లు. మూడూ చేతిలో ఉంటే పోల్చి చెప్పగలను, ఒక్కటే ఇస్తే కష్టం. 2020 జనవరి 1న రిజర్వ్ బ్యాంకు 'మనీ' అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెబుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. అది అసలు నోటో దొంగనోటో మాత్రం చెప్పదు, ఆ సంగతి రిజర్వ్ బ్యాంకు ముందే చెప్పింది. తన పని ఎంతవరకో చెప్పి అక్కడ ఆగింది. ఏఐ పేరు తగిలించుకున్న యాప్‌లలో ఈ బుద్ధి అరుదు.

ఇక సారాంశాల సంగతి. చిన్నప్పటి నుంచి మాకు వచ్చిన ఉత్తరాలు ఎవరో ఒకరు చదివి వినిపించేవాళ్లు. చాలామంది పైకి చదవరు. మనసులో చదివేసుకుని "ఏం లేదు, ఎల్ఐసీ వాళ్లు ఏదో రాశారు" అంటారు. ఏది ముఖ్యమో వాళ్లే తేల్చేస్తారు. నా జీవితంలో నాకు అందకుండా పోయిన సమాచారంలో సగం ఇలా ప్రేమగా చదివినవాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు ఏఐ అచ్చంగా అదే పని చేస్తోంది. రెండు పేజీల కాగితం చూపిస్తే "ఇది మీ పాలసీకి సంబంధించిన సమాచారం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ముందు ఉన్నది ఉన్నట్టు చదవనివ్వండి. క్లుప్తంగా కావాలంటే నేనే అడుగుతాను.

ఇదంతా ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా మంచి కోసమని మా తరఫున నిర్ణయాలు తీసుకునేవాళ్లను బ్యాంకులో చాలామందిని చూశాను. కళ్లు లేనివాడికి చెక్‌బుక్ ఎందుకు, ఏటీఎం కార్డు ఎందుకు, ఎవడో మోసం చేస్తాడు అనేవాళ్లు. చివరికి 2008 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చి, చెక్‌బుక్, ఏటీఎం, లాకరు, అన్నీ అందరితో సమానంగా ఇవ్వాల్సిందేనని చెప్పాల్సి వచ్చింది. ఆ సర్క్యులర్ వచ్చాక కూడా అది చూపించి వాదించాల్సి వచ్చిన రోజులున్నాయి, అది వేరే కథ.

నేను బ్యాంకులో చేరినప్పుడు నాలాంటివాడికి ఇచ్చే ఉద్యోగం దాదాపుగా టెలిఫోన్ ఆపరేటరే. డిగ్రీ ఉన్నా అంతే. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, తెర మీదున్నది చదివి వినిపించే జాస్ అనే స్క్రీన్ రీడర్ కూడా వచ్చింది. దాంతో నేను ఆపరేటర్ గదిలోంచి లోన్ల సెక్షన్‌కి వచ్చాను. రాత్రికి రాత్రి నా తెలివేం పెరగలేదు, ఫైలు నా అంతట నేను చదువుకోగలిగాను, అంతే. టెక్నాలజీ మనిషి శక్తిని పెంచుతుందని పెద్దపెద్ద మాటలు చెప్పేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇదే.

అయితే ఆ శక్తి ఎవరి చేతిలో ఉందో కూడా అక్కడే తెలిసింది. కొన్నేళ్లకు బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కి కొత్త అప్‌డేట్ వేశారు. పొద్దున్నే సిస్టమ్ తెరిస్తే స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అంటోంది. ఏ బటన్ దేనికో చెప్పే పేర్లు కోడ్‌లో పెట్టడం మర్చిపోయారు. చూపున్నవాళ్లకు స్క్రీన్ ఇంకా అందంగా కనపడిందట. అది సరిచేసేదాకా పక్క సీటు కుర్రాడిని బతిమాలుకుంటూ పనిచేశాను. మీ యాప్‌కి ప్రతి అప్‌డేట్ వదిలేముందు, స్క్రీన్ ఆపేసి ఆండ్రాయిడ్ ఫోన్ల స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఒక్కదానితో మొత్తం వాడి చూడాలని మీ టీమ్‌లో రూలు పెట్టించు.

ఇంతకన్నా ఘోరం అమెరికాలో జరిగింది. సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ 2 అనే పరికరం చేసింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటిజబ్బుతో చూపు పోయినవాళ్ల కంట్లో 60 ఎలక్ట్రోడ్లున్న అమరిక పెట్టి, కళ్లజోడులోని కెమెరా నుంచి దానికి సంకేతాలు పంపేవారు. వెలుగు మరకలు, వస్తువుల అంచులు తెలిసేవి. 2013లో అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది. ఖరీదు లక్షన్నర డాలర్ల దాకా. ప్రపంచం మొత్తంమీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ దాన్ని ఆపేసింది, 2020లో ఉద్యోగుల్లో చాలామందిని పంపించేసింది. పరికరం పాడైతే బాగుచేసే దిక్కు లేదు. లోపల పెట్టినది మాత్రం కంట్లోనే ఉండిపోయింది.

మీది ఫోన్ యాప్, కంట్లో పెట్టేది కాదు, నిజమే. కానీ ఒకడు మీ యాప్‌ని నమ్ముకుని ఒంటరిగా హైదరాబాద్‌లో గది తీసుకుని ఉద్యోగంలో చేరితే? మీకు ఫండింగ్ ఆగిపోయిన రోజున వాడి సంగతేమిటి? మీ మేనేజర్‌ని ఈ ప్రశ్న ఇప్పుడే అడుగు, యాప్ బాగా నడుస్తున్నప్పుడే అడగాలి. అక్షరాలు చదవడం లాంటి ముఖ్యమైన పనులైనా మీ సర్వర్ లేకుండా ఫోన్‌లోనే నడిచేలా చేయగలరా? ఆపేసే పరిస్థితి వస్తే ఎన్ని నెలల ముందు చెబుతారు? కోడ్ బయటపెడతారా? ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చూడు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే యువకుడు మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. ఉచితం, కోడ్ అందరికీ తెరిచి పెట్టారు. రేపు వాళ్లు చాలించుకున్నా ఇంకొకరు అందుకోగలరు.

ఇక రోడ్డు మీద నడిచే సంగతి. మీ డెమో వీడియోలో ఒకాయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బజార్లో నడుస్తుంటే యాప్ ఆగకుండా మాట్లాడుతోంది. ఎడమవైపు పూలకొట్టు, ముందు నీలం చొక్కా మనిషి అంటూ. నాకు చెమటలు పట్టాయి. చెవులు మూసుకుంటే వెనక వచ్చే ఆటో ఎలా వినపడుతుంది? ఎలక్ట్రిక్ బండ్లయితే అసలే చప్పుడుండదు. మా నడక చెవి మీద, కర్ర మీద ఆధారపడింది, ఏళ్ల తరబడి సాధన చేసి నేర్చుకున్న విద్య అది. ఐఐటీ ఢిల్లీ వాళ్ల స్మార్ట్‌కేన్ సంగతి తెలుసుకో. మామూలు తెల్లకర్రకే తగిలించుకునే పరికరం అది. మోకాలి పైన ఉన్న అడ్డాలను అల్ట్రాసౌండ్‌తో పసిగట్టి చేతికి వైబ్రేషన్ ఇస్తుంది. కిటికీ రెక్కలు, లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు కర్రకు అందవు, వాటి కోసం చేశారు. కర్ర చేసే పని కర్రకే వదిలేశారు, చెవిని ముట్టుకోలేదు. మీ యాప్ అడిగినప్పుడే మాట్లాడాలి, రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవాలి. "ఇప్పుడు రోడ్డు దాటండి" అని మాత్రం చస్తే అనకూడదు.

తెలుగు విషయంలో మీకు చాలా పనుంది. మన పుస్తకాలు, పత్రికలు ఏళ్ల తరబడి 'అను' అనే పాతరకం ఫాంట్లలో కొట్టారు. ఆ పీడీఎఫ్‌లు స్క్రీన్ రీడర్‌కి పెడితే ఏదో పిచ్చి భాష వినపడుతుంది. లోపల ఉన్నది ఇప్పటి కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే యూనికోడ్ తెలుగు కాదు మరి. వాటిని బొమ్మగా చూసి చదవాల్సిందే. అక్కడ మకీ వుకీ, పకీ వకీ తికమక పడుతుంది యంత్రం. కథ చదివేటప్పుడు ఫర్వాలేదు, సర్దుకుంటాం. భూమి పాస్‌బుక్‌లో పేరు చదివేటప్పుడు అలా సర్దుకోవడం కుదరదు. పాత తెలుగు కాగితాలు, ఆర్టీసీ బస్సు బోర్డులు, రేషన్ షాపు నోటీసులు, వీటితో పరీక్షించండి. ఇంగ్లిష్‌లో బాగా వచ్చిందని సంబరపడితే మా వీధికి పనికిరాదు.

మనుషుల ముఖాల దగ్గర నాకూ సందిగ్ధమే. డెన్మార్క్‌లో పుట్టిన బీ మై ఐస్ యాప్ 2015 నుంచి వీడియో కాల్‌లో వాలంటీర్ల సాయం ఇప్పిస్తోంది. 2023లో దానికి ఏఐ జోడించారు. మొదట మనుషుల ముఖాలు కూడా వర్ణించేది, కొన్నాళ్లకు ప్రైవసీ భయంతో ఆ వర్ణన ఆపించారు. చూపున్న ప్రతివాడూ ఎదుటివాడి ముఖం చూస్తాడు, నాకెందుకు దాచాలని చాలామందికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఆలోచిస్తే నాకు తోచింది ఇది: ఎదుటి మనిషి నవ్వుతున్నాడా, విసుక్కుంటున్నాడా, గడ్డం ఉందా, ఇవి చెప్పొచ్చు. దారినపోయే మనిషి పేరు వెతికి చెప్పకూడదు. మా ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు చెప్పొచ్చు. అలాగే నేను తీసిన ఫొటోలు. నేను చూపించేది ఆధార్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు, రక్తపరీక్ష రిపోర్టు. వెనకాల ఫ్రేమ్‌లో ఏం పడిందో నాకు తెలియదు కూడా. వాటిని దాచుకుని మీ మోడల్‌కి పాఠాలుగా వాడాలనుకుంటే ముందు అడగాలి, కాదంటే మానాలి, కాదన్నా యాప్ పనిచేయాలి.

మనం ఎవరో సరిచూసుకునే ఆన్‌లైన్ కేవైసీలో "కళ్లు ఆర్పండి" అని అడుగుతారు చూడు, అది చేయలేక మాలాంటివాళ్లూ యాసిడ్ దాడి బాధితులూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి 20 ఆదేశాలిచ్చింది. ఆ కేవైసీ రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఆ గదిలో మాలాంటివాడు ఒక్కడూ లేడు. మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ యాప్‌ని నడిపించిన సాకిబ్ షేక్ తానే చూపు లేని ఇంజినీరు. మీ టీమ్‌లో అలాంటివాళ్లు ఎందరు? టెస్టింగ్ రోజున పదిమందిని పిలిచి, బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపడం వద్దు. ఉద్యోగం ఇవ్వండి. వయొలిన్ మ్యూజిక్ పెట్టి మా మీద కన్నీటి వీడియోలు కూడా వద్దు, దయచేసి.

టెస్ట్ వెర్షన్ తయారవగానే నాకు పంపు. నాది పాత ఆండ్రాయిడ్ ఫోన్, స్టోరేజ్ ఎప్పుడూ నిండే ఉంటుంది, అందులో నడిస్తే ఎక్కడైనా నడుస్తుంది. ఇక్కడ నాతోపాటు వాడి చూసేవాళ్లున్నారు. ఒకాయన ట్యూషన్లు చెబుతాడు, ఒకమ్మాయి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. హైదరాబాద్‌లో బేగంపేటలో చూపు లేని పిల్లల దేవ్‌నార్ స్కూలుకు, ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి పునరావాస విభాగానికి నువ్వే వెళ్లి అడుగు. నాకు డబ్బులు అక్కర్లేదు కానీ ఆ ఇద్దరికీ గంటకు ఎంత ఇస్తారో మీ మేనేజర్‌ని అడిగి ముందే రాయి. అది తెలిశాకే వాళ్లతో మాట్లాడతాను.

ఇట్లు
మీ మావయ్య