దుప్పటి ఇచ్చాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మాకు అక్కయ్యపాలెంలో చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. షట్టర్ వేశాక ఒక పెద్దాయన వచ్చి మెట్ల మీద పడుకుంటాడు. సంక్రాంతి ముందు మా వీధివాళ్లం చందాలు వేసుకుని ఆయనకూ, ఇంకొందరికీ దుప్పట్లు కొనిచ్చాం. ఇల్లు లేనివాళ్లు ఉండే షెల్టర్‌కి వెళ్లమంటే మాత్రం వెళ్లడు. పక్క షాపులవాళ్లు పోలీసులకు చెప్పేద్దాం అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పోలీసులతో లేపించడం మాత్రం వద్దమ్మా. లేపితే ఇంకో వీధిలో ఇంకో మెట్టు చూసుకుంటాడు. ఇప్పుడైతే ఎక్కడుంటాడో మీకు తెలుసు. రేపు అదీ తెలియదు.

షెల్టర్‌కి వెళ్లడని రాశారు. ఎందుకు వెళ్లడో అడిగారా?

నేను ఇల్లు లేనివాళ్లతో పనిచేయడం మొదలుపెట్టిన కొత్తలో పూర్ణా మార్కెట్ దగ్గర పడుకునే ఒక కలాసీ తాతను షెల్టర్‌కి రమ్మని మూడుసార్లు బతిమాలాను. తల అడ్డంగా ఊపేవాడు. నాలుగోసారి పక్కనే కూర్చుని టీ తాగుతుంటే అప్పుడు చెప్పాడు. కూరగాయల లారీలు తెల్లవారుజామున మూడింటికి వస్తాయి. ఆ షెల్టర్ గేటు ఐదున్నరకు గానీ తీయరు. ఆ రెండున్నర గంటల్లో వచ్చేదే ఆయన కూలి. పైగా నల్లులు వస్తాయని సంచి బయట పెట్టమన్నారట. సిమెంటు సంచి అది. అందులో రెండు లుంగీలు, బస్తాలు లాగే ఇనుప కొక్కెం, ప్లాస్టిక్ కవర్లో రేషన్ కార్డు జిరాక్సు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి పేరు సగమే కనిపించింది. శ్రీకాకుళం జిల్లా అన్నది మాత్రం చదవగలిగాం. ఆయన దగ్గర ఉన్న కాగితం అదొక్కటే. దాన్ని బయట పెట్టి నిద్రపొమ్మంటే ఎలా నిద్రపోతాడు? కేర్‌టేకర్‌తో కూర్చుని మాట్లాడితే రెండు రోజుల్లో తేలిపోయింది. సంచి ఎండలో వేశారు, తాళం వేసుకునే పెట్టె ఇచ్చారు, మూడింటికి గేటు తీయడానికి ఒప్పుకున్నారు.

షెల్టర్‌వాళ్లను ఇలా అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నది ఈ షెల్టర్ల కోసం పెట్టిన కేంద్ర పథకంలో రాసుకున్న నిబంధన. మీకు దగ్గర్లో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) షెల్టర్ ఎక్కడుందో వార్డు సచివాలయంలో అడగండి. ఆయన్ని పంపే ముందు మీరు ఒకసారి వెళ్లి చూసి రండి.

మిగిలిన చందా డబ్బుతో ఇంకా దుప్పట్లు కొనకండి. ఆధార్ కోసం, పింఛను కోసం తిరిగిన రోజు ఆయనకు కూలి పోతుంది. ఆ కూలీ, ఆటో ఖర్చూ ఆ డబ్బులోంచి ఇవ్వండి. అరవై దాటి అర్హత ఉంటే వృద్ధాప్య పింఛను ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు. పిల్లలు ఇంట్లోంచి పంపేశారని తేలితే 14567కు ఫోన్ చేయండి, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ అది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర పోషణ కోసం అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఆయనకు ఇష్టమైతేనే. కొడుకు మీద అర్జీ పెట్టడానికి చాలామంది తాతలకు మనసొప్పదు, బలవంతం చేయకండి.

ఒకవేళ మాట పొంతన లేకుండా ఉంటే, తనలో తాను మాట్లాడుకుంటూ తిండి కూడా మానేస్తుంటే, అప్పుడు పోలీసులకు చెప్పాల్సిందే. అలాంటివాళ్లను రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వాళ్ల బాధ్యత. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మీ వీధి నుంచి ఎవరో ఒకరు వెంట వెళ్లండి.

ఇవన్నీ తర్వాత సంగతి. ఈ రాత్రి షట్టర్ వేశాక రెండు టీలు తెప్పించి ఆ మెట్టు మీదే కూర్చోండి, నిలబడి మాట్లాడకండి. ముందు పేరు అడగండి. పొద్దున ఎన్నింటికి లేస్తాడో, లేచి ఎక్కడికి వెళ్తాడో అడగండి. ఆయన ఏం చెప్పాడో నాకు రాయండి.