తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్తోంది.. మా అమ్మాయిది మొండితనమా, జబ్బా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా అమ్మాయికి 19 ఏళ్లు, బీటెక్ సెకండియర్. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్‌లో ఉండి కాస్త ఒళ్లు చేసింది. ఇంజనీరింగ్‌లో చేరాక డైటింగ్ మొదలుపెట్టి బాగా తగ్గింది, మళ్లీ పెరిగింది. ఇప్పుడు చూడ్డానికి మామూలుగానే ఉంది. పొద్దున టిఫిన్ తినదు. కాలేజీకి తీసుకెళ్లిన బాక్స్ అలాగే వెనక్కి తెస్తుంది. రాత్రి మేం పడుకున్నాక మాత్రం బిస్కెట్ ప్యాకెట్లు, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం, స్వీట్లు మాయమవుతున్నాయి. ఆ తర్వాత బాత్రూంలో చాలాసేపు నల్లా తిప్పిన చప్పుడు. ఓ రోజు వాంతి చేసుకుంటుంటే చూశాను. ‘గ్యాస్ మమ్మీ, తిన్నది పడట్లేదు’ అంది. గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించి మందులు వాడాం, తగ్గలేదు. దవడల కింద రెండు పక్కలా వాపు వచ్చింది. కుడి చేతి వేళ్ల కణుపుల మీద నల్లటి మచ్చలు పడ్డాయి, సబ్బు పడలేదేమో అనుకున్నాను. వాళ్ల నాన్న ‘తిని కక్కడం కొవ్వెక్కి కాకపోతే ఏంటి’ అంటారు. మా అత్తగారు పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందంటున్నారు. ఇది మొండితనమా, జబ్బా? నేను తినొద్దని చెప్పాలా, దగ్గర కూర్చుని తినిపించాలా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఇది మొండితనం కాదు. అమ్మాయితో మాట్లాడి, పరీక్షలు చేశాకే ఖాయంగా చెప్పాలి గానీ, మీరు రాసినవన్నీ కలిపి చూస్తే బులీమియా నెర్వోసా అనే జబ్బులాగే ఉంది. ఆబగా తినేయడం, ఆ తర్వాత భయంతో వాంతి చేసుకోవడమో విరేచనాల మాత్రలు మింగడమో, లేదంటే మర్నాడంతా పస్తుండటమో వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలుగా జరుగుతుంటే దాన్ని ఈ జబ్బు అంటాం. ఇందులో బరువు చాలామందికి మామూలుగానే ఉంటుంది. అందుకే ఒకే ఇంట్లో ఉంటున్నా ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

ఆ మచ్చలు సబ్బు వల్ల వచ్చినవి కాకపోవచ్చు. గొంతులోకి వేళ్లు పెట్టుకున్నప్పుడల్లా పై పళ్లు కణుపులకు ఒరుసుకుని అక్కడ కాయ కాస్తుంది. లండన్‌లో పనిచేసిన సైకియాట్రిస్ట్ జెరాల్డ్ రస్సెల్ 1979లో ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడే ఈ గుర్తునూ చెప్పారు. ఇప్పటికీ ఆ గుర్తును ఆయన పేరుతోనే పిలుస్తాం. దవడల దగ్గర వాపు లాలాజల గ్రంథులది. ఆ వాపుతో ముఖం గుండ్రంగా కనిపిస్తుంది. అద్దం చూసుకున్న పిల్ల ‘ఇంకా లావయ్యాను’ అనుకుని ఇంకో పూట కడుపు మాడ్చుకుంటుంది. నిజానికి వాంతులు ఆగితే ఆ వాపు మెల్లగా దానంతట అదే తగ్గిపోతుంది. ఈ సంగతి అమ్మాయికి తప్పకుండా తెలియాలి.

గ్యాస్ మందులు వాడామని రాశారు. మన దగ్గర మనసులోని బాధ డాక్టర్ దగ్గరికి చాలాసార్లు గ్యాస్ పేరుతోనే వస్తుంది. గ్యాస్ట్రో డాక్టర్ దగ్గర కూడా అమ్మాయి వేళ్లు పెట్టుకుంటున్న మాట చెప్పి ఉండదు. మీరు పక్కనే కూర్చుంటే ఎలా చెబుతుంది?

ఇక ఆ ‘కొవ్వు’ మాట. రాత్రి పన్నెండింటికి ఫ్రిజ్ తలుపు తీసే పిల్ల తిండిపోతని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, తనూ అదే అనుకుంటుంది. కానీ మీరు రాసిన వరస ఒకసారి చూడండి. పొద్దున టిఫిన్ లేదు, మధ్యాహ్నం బాక్స్ లేదు. అంటే రాత్రి జరిగేదానికి మూలం పగలే ఉంది. ఊపిరి ఎంతసేపు బిగబడితే అంత గట్టిగా పీల్చుకుంటాం కదా, ఆకలీ అంతే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు, వాళ్ల అంగీకారంతోనే, ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశారు. కొన్నాళ్లకే వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. చిరాకు, దిగులు, నలుగురిలో కలవకపోవడం మొదలయ్యాయి. మళ్లీ తిండి పెట్టాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక కడుపు పట్టనంత తిన్నారు. వాళ్లెవరూ సన్నబడాలని తపించినవాళ్లు కాదు. కడుపు మాడితే ఎవరి మనసైనా అలాగే తయారవుతుంది.

మరి డైటింగ్ చేసిన వాళ్లందరికీ ఈ జబ్బు రాదే అంటారా? నిజమే. ఇందులో వంశపారంపర్యం కొంత ఉంది. మిగిలింది మూడు దారుల్లో వస్తుంది. మొదటిది, పిల్లలు తమను తాము కొలుచుకునే తీరు. ఈ జబ్బుతో వచ్చే పిల్లల్లో నాకు తరచూ కనిపించేది ఒకటుంది. తమ విలువంతా రెండు అంకెల్లో ఉందనుకుంటారు. ఒకటి మార్కులు, రెండోది బరువు. ర్యాంకు చేతికి చిక్కనప్పుడు బరువైనా చేతిలో ఉండాలనుకుంటారు. 95 వస్తే పోయిన ఐదింటి గురించే ఆలోచించే పిల్ల, ఒక బిస్కెట్ ఎక్కువైతే ‘ఇవాళ్టి డైట్ ఎలాగూ పాడైంది’ అని ప్యాకెట్ మొత్తం తినేస్తుంది. అయితే అంతా, లేకపోతే ఏమీ వద్దు. మధ్యస్థం అనేది ఉండదు.

రెండో దారి టెన్షన్. ఇంటర్నల్స్ పోయినా, ఫ్రెండ్‌తో మాట తేడా వచ్చినా, ఇంట్లో గొడవైనా ఆ గుబులును భరించడం ఈ పిల్లలకు రాదు, ఎవరూ నేర్పరు. గబగబా తింటున్న పది నిమిషాలూ మెదడు మొద్దుబారినట్టయి బాధ తెలియదు. వాంతి అయ్యాక కాసేపు తేలికపడతారు. ఆ వెంటనే సిగ్గు. ఆ సిగ్గుతో రేపు ఏమీ తినకూడదని ఒట్టు. రేపు రాత్రి మళ్లీ మొదలు. ఇంత చేసినా బరువు తగ్గుతుందా అంటే అదీ లేదు. వాంతితో తిన్నదంతా బయటికి రాదు. విరేచనాల మాత్రలతో పోయేది ఎక్కువగా నీరే.

మూడోది మన నోరు. ‘కాస్త ఒళ్లు చేశావే’ అని పలకరించకపోతే మన పెళ్లిళ్లలో పలకరింపే పూర్తి కాదు. తగ్గితే ‘బాగా చిక్కావ్, ఏం చేశావ్’ అని అందరి ముందూ మెచ్చుకుంటారు. తిట్టినా మెచ్చినా పిల్లకు అందేది ఒక్కటే, అందరూ నా ఒంటినే చూస్తున్నారని. దీనికి ఇప్పుడు ఫోన్ తోడైంది. ఫిజీ దీవుల్లో ఓ ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పుడు హైస్కూల్ ఆడపిల్లల్ని అడిగితే బరువు కోసం వాంతి చేసుకుంటున్నామని ఒక్కరూ చెప్పలేదు. 1998లో అడిగితే 11 శాతం మంది చెప్పారు. అక్కడ వచ్చింది మామూలు టీవీ. మన పిల్లల చేతిలో ఉన్నది రోజంతా మోగే రీల్స్.

చికిత్స ఉంది. బులీమియా నుంచి చాలామంది బయటపడతారు. ఇందులో ప్రధానమైనది మందు కాదు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తిండి జబ్బుల కోసమే దీన్ని ప్రత్యేకంగా తీర్చిదిద్దారు. బరువు మరీ తక్కువ లేనివాళ్లకు సుమారు 20 వారాల్లో 20 సిట్టింగ్‌లు. మొదట చేయించే పని వింటే మీరు ఆశ్చర్యపోతారు. తక్కువ తినమని కాదు, వేళకు తినమని చెప్తాం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, మేల్కొని ఉన్నంతసేపు మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉండకూడదు. ఆకలేసినా వేయకపోయినా సరే. లావైపోతానని అమ్మాయి ఏడుస్తుంది. పగలు తిండి కుదిరేకొద్దీ రాత్రి ఆబ తగ్గడం తనే చూస్తుంది.

దీంతోపాటు ఒక చిన్న పుస్తకం రాయిస్తాం. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం తింది, అప్పుడు మనసులో ఏముంది అని. కేలరీల లెక్కలు అందులో ఉండవు. రెండు మూడు వారాల పేజీలు తిప్పితే ‘లంచ్ మానేసిన రోజు, నాన్న అరిచిన రోజు’ అని తనే వేలు పెట్టి చూపిస్తుంది. బరువు వారానికి ఒక్కసారి, థెరపిస్ట్ దగ్గరే చూస్తారు. ఇంట్లో వేయింగ్ మెషీన్ ఉంటే తీసేయండి. తర్వాతి వారాల్లో తను భయపడి మానేసిన బిర్యానీ, స్వీట్ల లాంటివి కొద్దికొద్దిగా మామూలు భోజనంలోకి తెస్తారు. అద్దం ముందు పొట్ట పట్టుకుని చూసుకోవడం, అందరితో పోల్చుకోవడం మాన్పిస్తారు. బాధ కలిగినప్పుడు ఫ్రిజ్ వైపు కాకుండా ఇంకెటు వెళ్లాలో నేర్పుతారు. స్కూలు, ఇంటర్ వయసు పిల్లలకైతే అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి చేసే ఫ్యామిలీ థెరపీ బాగా పనిచేస్తుంది. ముఖ్యంగా బక్కచిక్కిపోయే అనోరెక్సియాలో.

మందుల్లో ఫ్లూయాక్సెటిన్‌కు బులీమియాలో మంచి ఆధారాలున్నాయి. డిప్రెషన్‌కు సాధారణంగా 20 మిల్లీగ్రాములు ఇస్తే ఇందులో 60 దాకా అవసరమవుతుంది. అలవాటుపడిపోయే మందు కాదు. అయితే ఈ వయసులో మొదటి కొన్ని వారాలు ఆత్మహత్య ఆలోచనలేమైనా వస్తున్నాయేమో కనిపెట్టుకుని ఉండాలి. కాబట్టి డాక్టర్ చూడకుండా మెడికల్ షాపులో కొని వేయొద్దు.

తినొద్దని చెప్పాలా, తినిపించాలా అని అడిగారు. రెండూ వద్దు. బాత్రూం తలుపు దగ్గర కాపలా అసలే వద్దు, అది సిగ్గును పెంచుతుంది. భోజనాల దగ్గర కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు ఈ మాట ఎత్తండి. ‘నువ్వు తిన్నాక ఇబ్బంది పడుతున్నావని నాకు తెలుసు. తిట్టడానికి కాదు నాన్నా, ఇది నీ తప్పు కాదు, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను’ అంటే చాలు. మొదటిసారి కాదంటుంది. వారం ఆగి మళ్లీ అనండి. రాత్రి అందరూ ఒకేసారి తినండి, అదే కూర, అదే పప్పు. తను ఒప్పుకుంటే తిన్నాక ఓ గంట హాల్లోనే మీతో ఉండేలా చూసుకోండి. వాంతి చేసుకోవాలన్న ఉధృతి చాలాసార్లు అప్పటికి నెమ్మదిస్తుంది. శనివారం ఉపవాసాల్లాంటివి ప్రస్తుతానికి పక్కన పెట్టించండి, దేవుడేమీ అనుకోడు. మీ వారికి ఈ పేజీ చదివించండి. అత్తగారికి మాత్రం నెమ్మదిగానైనా గట్టిగా చెప్పండి. సంబంధాలు చూడటమంటే పిల్లను పదిమంది చేతా ఎగాదిగా చూయించడం. ఈ పిల్లకు ఇప్పుడు అంతకంటే కీడు లేదు.

ఒంటి సంగతి ఆలస్యం చేయొద్దు. పదేపదే వాంతులతో రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) రక్తపరీక్షలు, ఈసీజీ ఈ వారంలోనే చేయించండి. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, వాంతిలో రక్తం, కండరాలు పట్టేయడం ఉంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. చచ్చిపోతానన్న మాట వచ్చినా అంతే. వాంతి అయిన వెంటనే పళ్లు తోమొద్దని చెప్పండి. యాసిడ్‌తో మెత్తబడ్డ ఎనామిల్ అరిగిపోతుంది. చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

మీకు దగ్గర్లో ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది. ఎర్రగడ్డ పేరు చెబితే నలుగురూ ఏమంటారోనని వెనకాడితే నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. ఉచితం, తెలుగులో, ఏ వేళలోనైనా. ప్రైవేటులో థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి, తిండి జబ్బులకు వైద్యం చేసిన అనుభవం ఉందా అనీ అడగండి. వెళ్లగానే 1,000 కేలరీల డైట్ చార్ట్ చేతిలో పెట్టేవాళ్ల దగ్గర్నుంచి మాత్రం వెంటనే లేచి వచ్చేయండి.

అమ్మాయికి 18 దాటాయి కాబట్టి డాక్టర్ తనతో ఒంటరిగా మాట్లాడతారు, చెప్పినవన్నీ మీకు చెప్పకపోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ గోప్యతను తన హక్కుగా ఇచ్చింది. బయట బెంచీ మీద కూర్చోవడం మీకు కష్టంగానే ఉంటుంది, కూర్చోండి. పాత రిపోర్టులు, గ్యాస్ మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి. ఇంకో మాట, నేను రాసిన ఈ పరీక్షలకు పరగడుపున ఉండక్కర్లేదు. ఆ రోజు అమ్మాయి టిఫిన్ తినే బయల్దేరాలి.