చూడి ఆడగుర్రానికి గేదె లెక్కలు పనికిరావు
(పశుపోషణ: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుల జవాబులు)

ప్రశ్న: మా మార్వాడీ ఆడగుర్రాన్ని దాటించాక 15వ రోజున స్కాన్ చేస్తే రెండు పిండాలు కనిపించాయి. ఒకదాన్ని తీసేయాలని డాక్టరు గారు అంటున్నారు. కడుపున పడ్డదాన్ని చిదిమేయడానికి మా నాన్నగారు ఒప్పుకోవడం లేదు. రెండూ ఉంచితే నష్టమేంటి? - వనపర్తి జిల్లా

జవాబు: రెండూ ఉంచితే చాలాసార్లు రెండూ పోతాయి. నాన్నగారికి ముందు ఈ మాట చెప్పండి. ఆవు, గేదెల్లో మాయ గుండీలు పెట్టినట్టు అక్కడక్కడా అతుక్కుంటుంది. గుర్రంలో అలా కాదు. గర్భసంచి లోపలి గోడంతా మాయ పరుచుకుంటే గానీ ఒక్క పిల్లకు సరిపడా పోషణ అందదు. రెండుంటే, వాటి మాయలు ఒకదానికొకటి తగిలినచోట ఆ మేరకు గోడ దొరకదు. ఎనిమిది, తొమ్మిది నెలల దాకా లాక్కొచ్చి, ఒకటి చచ్చిపోగానే రెండోదీ దానితో పాటు బయటపడుతుంది. అంత పెరిగిన పిల్లలు అడ్డం తిరిగితే తల్లికీ ప్రాణగండమే.

డాక్టరు గారి తొందరకు కారణముంది. 16వ రోజు దాకా పిండాలు గర్భసంచిలో అటూ ఇటూ కదులుతుంటాయి. అప్పటికి ఒక్కోటి రెండు సెంటీమీటర్ల నీటిబుడగలా ఉంటుంది. మలద్వారం గుండా చెయ్యి పెట్టి, చిన్నదాన్ని పక్కకు జరిపి నొక్కేస్తారు. ఆ రోజు దాటితే అవి ఎక్కడివక్కడే కుదురుకుంటాయి. పక్కపక్కనే కుదురుకుంటే విడదీయడం కష్టం. ఆ రెండోది పిండం కాక గర్భసంచి గోడలోని నీటితిత్తి అయ్యుండొచ్చని అనుమానముంటే మర్నాడే మళ్లీ చూపించండి. పిండం రోజుకు మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, తిత్తి పెరగదు. నొక్కించిన రెండు రోజుల తర్వాత ఒకసారి, గుండె కొట్టుకోవడం చూడటానికి 28వ రోజున ఇంకోసారి స్కాన్ తప్పనిసరి.

35 రోజులు దాటితే మరో చిక్కుంది. గర్భసంచి గోడలో గిన్నెల్లాంటి కణజాలం ఏర్పడి హార్మోను వదులుతుంది. ఆ తర్వాత పిండం పోయినా, అది సుమారు 120వ రోజు దాకా పనిచేస్తూనే ఉంటుంది. అందాకా గుర్రం సరిగ్గా ఎదకు రాదు, ఆ సీజను పోయినట్టే. గేదెకు చేయించినట్టు రెండు, మూడు నెలలకు చూడి పరీక్ష చేయిద్దాం అనుకునేవారు నష్టపోయేది ఇక్కడే.

ప్రశ్న: తొమ్మిదో నెల నడుస్తోంది. పొదుగు దిగి పాలు కారుతున్నాయి. ఈనడానికి దగ్గరపడినట్టేనా? - అనంతపురం జిల్లా

జవాబు: కాదు, ఇది ప్రమాద సూచన. ఇవాళే డాక్టరును పిలవండి. గుర్రం సుమారు 11 నెలలు మోస్తుంది. 320 నుంచి 365 రోజుల మధ్య ఎప్పుడు ఈనినా మామూలే. పొదుగు చేయడం మొదలయ్యేది ఈనడానికి రెండు నుంచి నాలుగు వారాల ముందు. ఇంత ముందే పాలు కారుతున్నాయంటే లోపల కవలలైనా ఉండాలి, మాయకు ఇన్ఫెక్షనైనా సోకాలి. సూక్ష్మజీవులు యోని నుంచి గర్భసంచి ముఖద్వారం మీదుగా పైకి పాకడం వల్లే ఎక్కువగా ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది. తోక ఎత్తి లోపలి వెంట్రుకలు చూడండి. యోని నుంచి కారిన స్రావం ఎండి అట్టకట్టిన మరక చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ముఖద్వారం దగ్గర గర్భసంచి గోడ, మాయ కలిపి ఎంత మందం ఉన్నాయో స్కాన్‌లో కొలుస్తారు. 271-300 రోజుల మధ్య 8 మిల్లీమీటర్లు, 301-330 మధ్య 10 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే యాంటీబయాటిక్, వాపు తగ్గే మందు, గర్భం నిలబెట్టే హార్మోను కలిపి ఇస్తారు. రెండు రోజులు వాడి పాలు ఆగాయని మానేయకండి.

పాలు కారిపోతే జున్నుపాలూ పోయినట్టే. గుర్రప్పిల్లకు తల్లి కడుపులో రోగనిరోధక శక్తి అందదు, అంతా జున్నుపాలతోనే రావాలి. అదీ మొదటి 24 గంటల్లోపే. మొదటి ఆరు గంటల్లో లీటరుకు తగ్గకుండా తాగాలి. ఈమధ్యే ఈనిన మరో గుర్రం జున్నుపాలు ఇప్పుడే సంపాదించి ఫ్రీజర్లో పెట్టుకోండి.

ప్రశ్న: చూడి గుర్రానికి పచ్చిజొన్న మేపొచ్చా? - నంద్యాల జిల్లా

జవాబు: వద్దు. పచ్చిజొన్న మేసిన గుర్రాలకు మూత్రసంచి దెబ్బతిని, మూత్రం చుక్కలుగా కారుతూ నడుం పట్టు తప్పుతుంది. కడుపులో పిల్లకు కాళ్ల కీళ్లు బిగుసుకుపోవచ్చు. ఎండుగడ్డి, లూసర్న్ పెట్టండి. ఉలవలు నానబెట్టో ఉడికించో పెట్టొచ్చు. దాణా పెంచాల్సింది చివరి మూడు నెలల్లోనే.

ప్రశ్న: ఈనేటప్పుడు తెల్లసంచికి బదులు ఎర్రసంచి వస్తే పిల్ల బతకదంటారు, నిజమేనా? - మెదక్ జిల్లా

జవాబు: మీరు పక్కనే ఉండి వెంటనే కోస్తే బతికే అవకాశం ఉంది. మామూలుగా ముందు నీళ్లు బుడుక్కున పడతాయి. ఐదు నిమిషాల్లో నీలం కలిసిన తెల్లని పొర, అందులో ఒకటి కాస్త ముందుగా రెండు కాళ్లు, వాటిమీద ఆనించిన ముక్కు కనిపిస్తాయి. నీళ్లు పడిన 20-30 నిమిషాల్లో పిల్ల నేలమీద ఉండాలి. దానికి బదులు ముఖమల్ గుడ్డలా ముదురు ఎరుపు సంచి తోసుకొచ్చిందంటే, మాయ ముందే ఊడిపోయిందని అర్థం. పిల్లకు ప్రాణవాయువు అందడం లేదు. అప్పుడు డాక్టరు కోసం ఆగకండి, ఫోను పక్కవాళ్లను చేయమనండి. కత్తెరతో ఆ సంచి కోసి, లోపలి తెల్లపొర చించి, తల్లి ముక్కినప్పుడల్లా కాళ్లను కిందికి, వెనక మోకాళ్ల వైపుకు లాగండి. మొన మొద్దుగా ఉన్న శుభ్రమైన కత్తెర పదో నెల నుంచే కొట్టంలో చేతికందేచోట వేలాడదీసి ఉంచండి.

ప్రశ్న: ఈని ఐదు గంటలైంది, మాయ పడలేదు. గేదెకు చేసినట్టు చెప్పు కట్టి వేలాడదీశాం. - పల్నాడు జిల్లా

జవాబు: ఆ చెప్పు వెంటనే విప్పేయండి. బరువుకు మాయ చిరిగి ముక్క లోపలే ఉండిపోతుంది, గర్భసంచే బయటికి జారొచ్చు. గేదెకు 12 గంటలు చూస్తాం గానీ, గుర్రానికి గడువు 3 గంటలే. మీకు అది దాటిపోయింది. ముక్క కుళ్లితే ఆ విషం రక్తంలోకి ఎక్కి జ్వరం, ఆపైన గిట్టల వాపు వస్తాయి. గిట్టలు చెడితే గుర్రం మళ్లీ నిలబడటమే కష్టం. డాక్టరు వచ్చేలోగా వేలాడే మాయను గుర్రం తొక్కకుండా వెనక మోకాళ్ల పైకి ముడివేయండి, లాగకండి. మాయ పడేందుకు ఆయన ఆక్సిటోసిన్ అనే హార్మోను ఇస్తారు, అవసరమైతే గర్భసంచి కడుగుతారు. మాయ పడ్డాక నేలమీద పరిచి చూడండి, రెండు కాళ్ల ప్యాంటులా ఉంటుంది. పిల్ల లేని వైపు, అంటే సన్నకాలు కొసను ముఖ్యంగా చూడండి, ఎక్కువగా తెగి ఉండిపోయేది అదే. కొస చిరిగినట్టుంటే ఆ ముక్క ఇంకా లోపలే ఉంది. మాయను బకెట్లో వేసి కుక్కలు ముట్టకుండా మూతపెట్టి, డాక్టరు గారికి చూపించండి.